ఏడో నంబరు డబ్బా

తోట ఇల్లు,
జూన్ 3.

పెద్దదానికి అమ్మమ్మ ఆశీస్సులు.

నెలకొక ఉత్తరం, అదీ ఒకటో తారీఖున, అని నేను పెట్టుకున్న నియమం నీకు తెలుసు. మొన్ననే ఒకటి రాశాను. రెండు రోజులు తిరక్కుండా మళ్ళీ రాస్తున్నానంటే కారణం ఉంది. నీ చెల్లెలి జుట్టు ఊడిపోతోంది.

ఊడడమంటే దువ్వెనకి నాలుగు వెంట్రుకలు రావడం కాదు. ఈ ఉదయం జడ వేద్దామని కూర్చోబెట్టి పాయ తీస్తే ఆ పాయ అలాగే నా చేతిలోకి వచ్చేసింది. అది వెనక్కి తిరిగి చూసి, "పీకావా అమ్మమ్మా?" అంది.

"నేనెందుకు పీకుతానే?"

"ఏమో. లెక్క తప్పు చేస్తే పీకేదానివిగా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరిలో దానికి టైఫాయిడ్ వచ్చింది. మార్చి నెలంతా మంచం మీదే ఉంది. ఏప్రిల్లో లేచి గోడ పట్టుకుని నడిచింది. మీ అమ్మ పోతూ మీ ఇద్దరినీ నా చేతిలో పెట్టింది. నువ్వు పెరిగి చెట్ల వెంట పడి వెళ్ళిపోయావు. పందొమ్మిదేళ్ళు నిండిన ఈ పిల్లని మళ్ళీ మనిషిని చేయడం ఒక్కటే ఇప్పుడు నాకున్న పని.

అందుకే ఏప్రిల్ నుంచి కుండపప్పు పెడుతున్నాను. మూతపెట్టిన మట్టికుండల్లాంటి కాయలు కాసే మన పదకొండు కుండకాయ చెట్లకీ మీ తాతయ్య కొట్టిన రేకు నంబర్లు ఇంకా అలాగే ఉన్నాయి. వ్యాపారులు అన్ని చెట్ల పప్పూ ఒకే గోనెలో కుమ్మరిస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఏ చెట్టు పప్పు ఆ చెట్టు డబ్బాలోనే, డబ్బా మీద నంబరు. ఏ చెట్టు ఎలా కాసిందో తెలియని మనిషికి తోట ఎందుకు? ఏడో నంబరు చెట్టు పప్పు అన్నిటికంటే లావు, తొక్క పలచన, రుచి కూడా తీపి. ఆ డబ్బా అమ్మకానికి పంపడం లేదు, చిన్నదానికని ఉంచాను. ఉదయం ఐదు, సాయంత్రం ఐదు. నేనే లెక్కపెట్టి చేతిలో పోస్తాను.

ఇంకొక సంగతి. దాని నోట్లోంచి వెల్లుల్లి వాసన వస్తోంది. నాకు పడదని మన ఇంట్లోకి వెల్లుల్లి రానివ్వను. బస్టాండు దగ్గర బండి మీద ఏదో తింటోందని నా అనుమానం. అడిగితే ఒట్టు పెడుతోంది. ఆధారం లేకుండా మాట అనకూడదని ఊరుకున్నాను గాని, ఒక కన్ను వేసే ఉంచాను.

నీకు తెలిసిన శాస్త్రం ప్రకారం పప్పు పెంచమంటావా? టపా బస్సు వారానికి రెండుసార్లే. ఆలస్యం చేయకు.

అమ్మమ్మ


అడవి శిబిరం,
జూన్ 11.

అమ్మమ్మకి,

ఒకటో తారీఖు కాని రోజున నీ దస్తూరీ చూసి నా గుండె జారిపోయింది. చదివాక కుదుటపడ్డాను. టైఫాయిడ్ తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు ఊడడం మామూలే అమ్మమ్మా. ఇక్కడ మా వంటవాడికీ ఊడింది. మళ్ళీ వచ్చింది. ముందు లేనిచోట్ల కూడా వచ్చిందని వాడి గొడవ.

పప్పు పెట్టు. ఎంత తింటే అంత పెట్టు. నూనె, మాంసకృత్తులు, ఖనిజాలు, అన్నీ ఉన్నాయి అందులో. వెల్లుల్లి మాట వదిలెయ్యి. రెండు నెలలు గంజి తాగిన పిల్ల బండి మీద ఒక పొట్లం తింటే మునిగిపోయేదేమీ లేదు. ఒక కన్ను వేసి ఉంచావా! నాకు ఆ కన్ను తెలుసు.

నేను రోజంతా మంచె మీద కూర్చుంటున్నాను. కుండకాయ పువ్వుని ఎప్పుడైనా దగ్గరగా చూశావా? నువ్వు కాయలు చూస్తావు, పువ్వులు చూడవు. నాగలింగం పువ్వుకి ఇది దగ్గరి చుట్టం. లోపలి కేసరాల మీద దళసరి మూత ఒకటి వంగి, బిగుసుకుని ఉంటుంది. చిన్న తేనెటీగ దాన్ని ఎత్తలేదు. బలమున్న తుమ్మెద వచ్చి తలతో నెట్టి, దూరి, వీపు నిండా పుప్పొడి పూసుకుని బయటికి రావాలి. తుమ్మెద రాకపోతే ఎంత పెద్ద చెట్టయినా ఒక్క కాయ కాయదు. ఏ పువ్వులోకి ఎన్ని తుమ్మెదలు దూరాయో రాసుకోవడమే నా ఉద్యోగం. నీ మనవరాలికి ఇంకే పని దొరుకుతుంది చెప్పు?

అందుకని తోటలో పొదలు కొట్టించకు. చెట్టు పూసేది రెండు నెలలే. మిగతా నెలలు తుమ్మెదలకి తిండి పెట్టేది ఆ పొదలే.

చిన్నదాన్ని ముద్దు పెట్టుకున్నానని చెప్పు. బోడిగుండయినా సరే.

నీ పెద్దది


తోట ఇల్లు,
జూన్ 20.

పెద్దదానికి,

నీ ఉత్తరం అందిన రోజు నుంచే పూటకి ఐదుని పది చేశాను.

జుట్టు ఆగలేదు. ఇప్పుడు గోళ్ళ వంతు వచ్చింది. ప్రతి గోరు మీదా, స్కేలు పెట్టి గీసినట్టు, అడ్డంగా తెల్లని గీత ఒకటి పడింది. కుడి చేతి ఉంగరపు వేలి గోరు ఆ గీత దగ్గర విరిగి ఊడి వచ్చింది. నొప్పి కూడా లేదంటోంది. నాకు ఆ మాటకే భయం వేసింది.

డాక్టరుగారు వచ్చి నాలుక చూశారు, కళ్ళు చూశారు. "నీరసమండీ. బలమైన తిండి పెట్టండి. ఏం పెడుతున్నారు?" అన్నారు. చెప్పాను. "ఇంతకంటే బలమైనది నేనేం రాసివ్వగలను?" అని బ్యాగు మూసేశారు.

చిన్నది మాత్రం పప్పు చూస్తేనే కడుపులో తిప్పుతోందని గొణుగుతోంది. "చేదుగా ఉందా?" అంటే, "లేదు, తియ్యగానే ఉంది. తియ్యగా ఉన్నదాన్ని ఇంతగా అసహ్యించుకోవచ్చని ఇప్పుడే తెలిసింది" అంది. వరండాలో తిరుగుతూ తింటానంటే సరేనన్నాను. తిన్నాక అరచేయి చాచి చూపిస్తుంది. ఖాళీ చేయి చూశాక నేను గోడ మీది క్యాలెండరులో టిక్కు పెడతాను.

ఏడో చెట్టు గొప్పతనం ఇంకొకటి చెప్పనా? ఆరబోసిన పప్పు మీద ఎలుకలు పడ్డాయి. మూడో నంబరు చాప, తొమ్మిదో నంబరు చాప సగానికి సగం తినేశాయి. పక్కనే ఉన్న ఏడో చాపలో ఒక్క పప్పు కూడా కొరకలేదు. వంటామె చూసి, "మీరు రాసిన నంబరు చదువుకున్నట్టున్నాయమ్మగారూ, చిన్నమ్మాయిగారిదని వదిలేశాయి" అంది. దాని నోటికి తాళం లేదు.

పాపం ఆమెకీ ఇబ్బందిగానే ఉంది. మూడు రోజుల నుంచి ఆమె కూతురికి వాంతులు, విరేచనాలు. నువ్వు పోయినసారి ఎత్తుకు తిరిగావు, తలంతా ఉంగరాలు తిరిగిన జుట్టు, ఉంగరాల పాప. రెండేళ్ళు నిండాయి. చిన్నది మంచాన పడినన్నాళ్ళూ ఆ మంచం కింద దూరి ఆడుకున్న పిల్ల. ఇప్పుడు తల్లి భుజం మీద గుడ్డపీలికలా పడి ఉంటోంది. నీళ్ళు కాచి చల్లార్చి పట్టించమన్నాను.

అమ్మమ్మ


వృక్షశాస్త్ర కేంద్రం, మూడో అంతస్తు,
జూన్ 28.

అమ్మమ్మకి,

నేను అడవి నుంచి వచ్చేశాను. నీ ఉత్తరం ఇక్కడికే తెప్పించుకున్నాను.

నాకు కొన్ని కావాలి. ఏడో డబ్బాలోంచి గుప్పెడు పప్పు, మూడో డబ్బాలోంచి గుప్పెడు. విడివిడిగా కట్టు. ఏడో చెట్టు మొదట్లోంచి చారెడు మట్టి. ఆ చెట్టు సరిగ్గా ఎక్కడుందో రాయి. వాగు కోసేసిన గట్టు కింద, నల్ల పలకరాయి బయటపడిన చోటేనా? చెల్లెలు గోళ్ళు కత్తిరించినప్పుడు ఆ ముక్కలు కూడా కాగితంలో మడిచి పంపు.

ఎందుకని అడుగుతావు. ఊరికే, నా పనికే.

చిన్నదానికి కొన్నాళ్ళు పప్పుకి బదులు గుడ్లు పెట్టి చూడకూడదా? పాపం తిప్పుతోందంటోంది కదా. ఆలోచించు.

వెల్లుల్లి వాసన ఇంకా ఉందా?

నీ పెద్దది


తోట ఇల్లు,
జూలై 6.

పెద్దదానికి,

నువ్వు అడిగినవన్నీ ఈ ఉత్తరంతో పాటు పార్సిలు చేశాను. పొట్లాల మీద నంబర్లున్నాయి. ఏడో చెట్టు నువ్వన్న చోటే ఉంది, నల్ల రాయి పొర ఊట దిగే పల్లంలో. వాసన ఉంది. పెరిగింది కూడా.

గుడ్లు పెట్టమన్నావు. ఎందుకో చెప్పలేదు. కారణం లేకుండా పథ్యం మార్చడం నాకు అలవాటు లేదు. నిన్ను నేను అలా పెంచలేదు కూడా. "ఆలోచించు" అని రాశావు. దేని గురించి? నీ ఉత్తరం పెద్దమనిషి ఎవరో మొహమాటపడి రాసినట్టుంది. పప్పు మానలేదు.

చిన్నది తలకి రుమాలు కట్టుకుంటోంది. సగం తల నున్నగా అయిపోయింది. కనుబొమలు కూడా పలచబడ్డాయి. అద్దం తీసి బీరువా వెనక పెట్టేశాను. "అమ్మమ్మా, అద్దం తీసేస్తే నాకు నేను కనపడను గాని, నీకు కనపడతానుగా, నిన్నెక్కడ పెట్టాలి?" అంది.

ఉంగరాల పాప పోయింది. రెండో తారీఖున, మధ్యాహ్నం.

వాంతులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టుకున్నాయి. ఆఖరి రోజుల్లో కళ్ళు తెరవలేదు. డాక్టరుగారు విరేచనాల వల్ల అని కాగితం రాసిచ్చారు. నేను వెళ్ళేసరికి వంటామె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల, పక్కన దిండు. దిండు మీద ఉంగరాలు అలాగే ఉన్నాయి, గుండ్రంగా, పిల్ల తల మీద లేవు. ఆమె వాటిని ఒక్కొక్కటీ ఏరి న్యూస్ పేపరు ముక్కలో పెట్టుకుంటోంది. "ఎందుకు రాలిపోయాయమ్మగారూ? జ్వరం కూడా లేదు కదా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. నాకు నిజంగానే తెలియదు.

ముద్దు పెట్టుకుందామని వంగాను. పిల్ల పెదాల దగ్గర వెల్లుల్లి వాసన వచ్చింది. వంటింట్లో తిరిగిన పిల్ల కదా అనుకున్నాను. దారంతా అదే అనుకుంటూ వచ్చాను. ఇంటికి వచ్చి చెప్పులు విప్పాక గుర్తొచ్చింది, అది మన వంటిల్లే.

వంటామెని వాళ్ళ అక్క ఇంటికి పంపాను. ఎన్నాళ్ళుండాలనుకుంటే అన్నాళ్ళు ఉండమన్నాను.

నీకేమైనా తెలిస్తే రాయి. ఈసారి సరిగ్గా రాయి.

అమ్మమ్మ


వృక్షశాస్త్ర కేంద్రం,
జూలై 12. (టపా బస్సు డ్రైవరుకి చెప్పి నీ చేతికే ఇమ్మన్నాను.)

అమ్మమ్మా,

పప్పు ఆపు. ఇది చదువుతున్నది ఉదయమైతే ఉదయం పూటదే ఆపు. మిగతా డబ్బాలవి కూడా వద్దు. ఏడో డబ్బా ఎవరికీ అందకుండా తాళం వెయ్యి.

కారణం చెప్తాను. మట్టిలో సెలీనియం అనే పదార్థం ఉంటుంది. అది గంధకానికి చాలా దగ్గరిది. మనిషికి రవ్వంత కావాలి, రవ్వ దాటితే విషం. నల్ల పలకరాయిలో ఎక్కువగా ఉంటుంది. కుండకాయ కుటుంబంలోని కొన్ని చెట్ల వేర్లు గంధకం అనుకుని దాన్ని పీల్చేసి పప్పులో దాచేస్తాయి. చెట్టుకి ఏ బాధా ఉండదు. ఆకు పచ్చగా ఉంటుంది, కాయ బాగా కాస్తుంది, పప్పు తియ్యగా ఉంటుంది. తిన్నవాళ్ళ ఒళ్ళు కూడా అదే పొరపాటు చేస్తుంది. జుట్టు, గోళ్ళు కట్టుకోవడానికి గంధకం కావాలి. దాని బదులు ఇది చేరుతుంది. అందుకే ఊడిపోతాయి. ఊపిరిలో వెల్లుల్లి వాసన వచ్చేదీ దీనివల్లే. చిన్నది బండి మీద ఏమీ తినలేదు.

వ్యాపారులు అన్ని చెట్ల పప్పూ కలిపేస్తారు కాబట్టి ఇది ఎవరికీ తగలదు. ఒక చెట్టు విషం పదకొండు చెట్లలో కరిగిపోతుంది. ఒకే చెట్టు పప్పు విడిగా దాచి, రోజూ, నెలల తరబడి ఒకే మనిషికి పెట్టే ఇల్లు ఇంకెక్కడా ఉండదు.

నీ జూన్ ఇరవై ఉత్తరం చదివినప్పుడే, గోళ్ళ గీతలు, ఎలుకలు, వాసన మూడూ ఒక చోట కనపడగానే నాకు అనుమానం వచ్చింది. అయినా "ఊరికే" అని రాశాను. పరీక్ష ఫలితం వచ్చాక రాద్దామనుకున్నాను. నాకు పదేళ్ళప్పుడు నీ క్లాసులో పక్క బెంచీ పిల్ల నా పెన్సిలు తీసిందని చెప్పాను, గుర్తుందా? "చూశావా?" అన్నావు. లేదన్నాను. గోడ దగ్గర నిలబెట్టావు. సాయంత్రం ఆ పిల్ల పెట్టెలోనే పెన్సిలు దొరికింది. "దొరికినా సరే, చెప్పినప్పుడు నీకు తెలియదు కదా" అన్నావు. ఆ రోజు నుంచి తెలియనిది నేనెప్పుడూ చెప్పలేదు. మొన్న కూడా చెప్పలేదు.

దీనికి విరుగుడు మందు లేదు. ఆపేయడమే. ఆపితే జుట్టు వస్తుంది, గోళ్ళు వస్తాయి. ఇక్కడ పెద్దాసుపత్రిలో మాట్లాడాను. గుండె, కాలేయం చూడాలి. నేను వచ్చి తీసుకెళ్తాను.

అమ్మమ్మా, ఒకటి అడగాలి. ఉంగరాల పాపకి ఆ పప్పు ఎవరైనా పెట్టారా?

పెద్దది


తోట ఇల్లు,
జూలై 18.

పెద్దదానికి,

డ్రైవరు ఉత్తరం ఇచ్చినప్పుడు చిన్నదాని చేతిలో పప్పు ఉంది. చేతి మీద కొట్టాను. పప్పు వరండా అంతా చెదిరింది. వంగి ఒక్కొక్కటీ ఏరాను. పది వేశాను, ఏడే దొరికాయి.

"మిగతా మూడు తిన్నావా?" అన్నాను.

అది తల అడ్డంగా ఊపింది. తర్వాత లంగా జేబులోంచి తీసి ఇచ్చింది. అక్కడ మూడు కాదు, ఇరవై దాకా ఉన్నాయి. ఎండిపోయినవి, నలిగినవి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి నుంచీ. రెండు మూడు తినేదాన్ని, మిగతావి తినలేకపోయేదాన్ని. పారేస్తే నీకు దొరుకుతాయని..."

"జేబులో పెట్టుకున్నావు. తర్వాత?"

"తర్వాత పాపకి పెట్టేదాన్ని అమ్మమ్మా. పిట్టపిల్లలా నోరు తెరుచుకుని వచ్చేది. ఒక్కొక్కటీ కొరికి మెత్తగా చేసి పెట్టేదాన్ని. పాప పోయాక పెట్టడానికి ఎవరూ లేరు, అందుకే ఇన్ని ఉండిపోయాయి. మిగతావి పరుపు కింద ఉన్నాయి."

నా మొహం చూసి, "ఎందుకడుగుతున్నావు?" అంది.

నేను లేచి లోపలికి వెళ్ళాను. నలభై ఏళ్ళు బడిలో పాఠం చెప్పాను. అడిగిన పిల్లకి జవాబు చెప్పకుండా లేచి వెళ్ళడం ఇదే మొదలు.

క్యాలెండరు చూశాను. మూడు నెలల టిక్కులు, ఒక్క పూట కూడా తప్పలేదు. డబ్బాలోంచి ఎన్ని వెళ్ళాయో నాకు తెలుసు. ఖాళీ అయిన చేయి ఎవరిదో తెలుసు. నోరు ఎవరిదో చూడలేదు. నేను ఐదుని పది చేసిన వారంలోనే ఆ పిల్లకి వాంతులు మొదలయ్యాయి.

అమ్మమ్మ


వృక్షశాస్త్ర కేంద్రం,
జూలై 24.

అమ్మమ్మకి,

ఫలితం వచ్చింది. మూడో డబ్బా పప్పు మామూలుదే. ఏడో డబ్బా పప్పులో దానికి వందల రెట్లు ఉంది. మట్టిలోనూ ఉంది. చెల్లెలి గోళ్ళలోనూ ఉంది. తన వంతు సగానికి పైగా తినకపోవడం వల్లే తను మిగిలింది.

ఇప్పుడు నేను చెప్పేది కోపం తెచ్చుకోకుండా విను. వంటామెకి చెప్పకు.

చెప్పి ఏం చేస్తావు? పాప తిరిగి రాదు. డాక్టరు విరేచనాలని రాశాడు. ఆ మాటతో ఆమె ఎలాగో బతుకుతుంది. జబ్బు చేసి పిల్ల పోయిందనుకోవడం వేరు, తను వండిపెట్టే ఇంట్లోనే పెట్టి చంపారనుకోవడం వేరు. చెల్లెలి సంగతి ఆలోచించు. తన చేత్తో, తన నోటితో కొరికి పెట్టింది. ఈ మాట తెలిస్తే తనకి జుట్టు వచ్చినా మనిషి రాదు. నువ్వు కాపాడుకోవాలనుకున్నది దాన్నే కదా? ఇది మన ముగ్గురిలో ఇద్దరికే తెలుసు. ఇద్దరి దగ్గరే ఉండనీ.

చిన్నప్పటి నుంచి నువ్వు చెప్పింది విన్నాను. ఈ ఒక్కటి నా మాట విను. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నేను శనివారం బస్సుకి వస్తున్నాను.

పెద్దది


తోట ఇల్లు,
జూలై 30.

పెద్దదానికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇవాళ కూడా ఒకటో తారీఖు కాదు. శనివారం నువ్వు వస్తున్నావు, అప్పుడు మాట్లాడుకోవచ్చు. అయినా ఇప్పుడే రాయడానికి కారణం, వంటామె చీటీ రాయించి పంపింది. "అక్క ఇంట్లో గోడలు మీద పడుతున్నట్టున్నాయి, పని చేసుకుంటే నయం, సోమవారం ఉదయం వచ్చేస్తాను. చిన్నమ్మాయిగారికి ఎలా ఉంది?" అని. ఆ ఆఖరి మాట చదివాకే కలం తీశాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు రాసినదాంట్లో తప్పు లెక్క లేదు. చెబితే ముగ్గురికి నష్టం, చెప్పకపోతే ఎవరికీ ఏమీ కాదు. కాని ఆ తల్లి నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఎందుకు రాలిపోయాయమ్మగారూ అని. ఆ రోజు తెలియదన్నాను, అది నిజం. సోమవారం ఆమె మళ్ళీ అడిగితే, తెలియదనడం అబద్ధమవుతుంది. అడగకపోయినా అబద్ధమే. రోజూ మూడు పూటలా ఆమె వడ్డిస్తుంటే ఆ అబద్ధం పక్కన కూర్చుని నేను తినాలి. ఆమె దగ్గర ఆ పేపరు పొట్లం ఇంకా ఉంటుంది. ఉంగరాలు ఎందుకు రాలాయో చెప్పగలిగిన మనుషులు లోకంలో ఇద్దరం, ఇద్దరం ఈ ఇంటివాళ్ళమే.

చిన్నది "ఎందుకడుగుతున్నావు" అని మళ్ళీ అడగలేదు. మొదట్లో అది నాకు ఊరటగా ఉండింది. కాని అది ప్రశ్న అడగడం మానేసిందంటే జవాబు దొరికిందని అర్థం. చిన్నప్పుడు కూడా అంతే. నిన్న వరండాలో కూర్చుని, నోరు నీళ్ళతో పుక్కిలించి ఉమ్మి, మళ్ళీ పుక్కిలిస్తోంది. ఎంతసేపు చేసిందో లెక్క పెట్టలేదు. వెళ్ళి గ్లాసు తీసేసుకుని పక్కన కూర్చున్నాను. అది రుమాలు తీసేసింది. నెత్తి మీద చేయి వేస్తే, నూగులాంటిది తగిలింది. జుట్టు వస్తోంది.

అది చూసి నాకు కలిగిన సంతోషం గురించి వంటామెకి ఎలాగూ చెప్పలేను.

ఇక చేయవలసినవి:

1. ఏడో డబ్బా, చాప, జేబులో, పరుపు కింద దొరికినవి, అన్నీ నువ్వు వచ్చాక నీ ఎదుటే లోతుగా గొయ్యి తీయించి, సున్నం పోసి పూడ్పించాలి. వాగులో వేయకూడదు, కాల్చకూడదు.

2. చెట్టు కొట్టించను. కొట్టించమని ఎవరైనా అంటే నువ్వు అడ్డు చెప్పాలి. అది చేసిన తప్పేమీ లేదు. ఎన్నో తరాల తుమ్మెదలు తిరిగిన చెట్టు. ఏటా మూతలు ఊడి గింజలు రాలకముందే మనిషిని ఎక్కించి కుండలన్నీ దింపించి, ఇదే గోతిలో వేయాలి. గబ్బిలాలు గింజలు మోసుకెళ్ళి ఊరి పెరళ్ళలో పడేస్తాయి. ఆ సంగతి నువ్వే ఒకసారి చెప్పావు. కంచె వేయించి, రేకు మీద ఎర్ర రంగు పూయించాలి. నేను పోయాక ఈ పని నీది.

3. ఆసుపత్రి తేదీ మార్చకు. మంగళవారం బస్సుకి చిన్నదాన్ని తీసుకెళ్ళు. అది రానంటుంది. వినకు.

4. ఆదివారం చిన్నదానికి నేనే చెప్తాను. నువ్వు దాని పక్కన కూర్చుని చేయి పట్టుకో, నా మాటకి అడ్డు రాకు. దానికి నేను చెప్పబోయేది ఇది: తినలేక మిగిలినదాన్ని ఒక పసిపిల్లకి పెట్టావు, ఎవరైనా అదే చేస్తారు, డబ్బా నాది, లెక్క నాది, చేయి చాపమన్నది నేను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్తాను.

5. పరీక్ష ఫలితం కాగితం రెండు ప్రతులు తీసుకురా. ఒకటి డాక్టరుగారికి. ఆయన రాసిన కారణం తప్పని ఆయనకి తెలియాలి, ఇంకో ఇంట్లో ఇలాంటి పిల్ల కనపడొచ్చు. రెండోది వంటామెకి. అది పట్టుకుని ఆమె ఎక్కడికి వెళ్తానన్నా, ఎవరి ముందు నిలబెడతానన్నా, నేను వెళ్ళి నిలబడతాను. క్షమించమని అడగను. అది కూడా ఆమె నెత్తిన ఇంకో పని పెట్టడమే.

6. పెన్సిలు విషయంలో నేను అన్నది తప్పు. ఇకమీదట అనుమానం వచ్చిన రోజే రాయి. ఆధారం తర్వాత పంపు.

7. సోమవారం ఉదయం నేను ముందే వంటింట్లో ఉంటాను. ఆమె లోపలికి రాగానే, పొయ్యి వెలిగించకముందే చెప్పాలి. వెలిగించాక చెబితే, ఆమె చేత ఇంకొక పూట వండించుకుని చెప్పినట్టవుతుంది.

అమ్మమ్మ